కత్తి కడుపులో వెదురు బద్ద

ఆ రోజుల్లో నాకు ఎవరు ఏ పని చెప్పినా ముందు తలూపేసేదాన్ని, ఆ పనేమిటో తర్వాత కనుక్కునేదాన్ని. అది మంచి అలవాటని నేను అనను. కానీ పందొమ్మిదేళ్ళ వయసులో, తెలియదని చెబితే ఆ మాటే పట్టుకుని ఇంటికి పంపేస్తారని ఒక భయం ఉంటుంది చూడండి, ఆ భయం ముందు తెలివి నిలబడదు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు "నీకు తెలీకపోతే తెలీదని చెప్పమ్మా" అని నాకే బుద్ధి చెబుతుంటారు. చెప్పనీండి. అలా చెప్పకపోవడం వల్ల నేను పడ్డ పాట్లలో ఒకటి ఇప్పుడు మీకు చెబుతాను. ఇందులో కత్తులున్నాయి, అక్షరాలా ఇరవై. రక్తం మాత్రం లేదు. (పసుపు ఉంది.)

అప్పుడు నేను కలకత్తాలోని భవానీపూర్‌లో ఒక దిండ్ల దుకాణంలో కుట్టుపని చేసేదాన్ని. సోఫా కవర్లు, కుర్చీ మెత్తలు, బెంగాలీవాళ్ళు కౌగిలించుకుని పడుకునే పొడుగాటి కోల్‌బాలిష్ దిండ్లు, అన్నీ అక్కడే తయారయ్యేవి. యజమాని ముసలి బెంగాలీ పెద్దమనిషి. ఎప్పుడు చూసినా ముక్కులో నస్యం దట్టించుకుంటూ ఉండేవాడు కనుక చాటున మేమంతా నస్యం దాదా అనేవాళ్ళం. మాట తక్కువ మనిషి. అవునన్నా, కాదన్నా, ఆకలేసినా ఒకటే "హూఁ". అది ఏ వైపు హూఁయో మూడు రోజులు గడిస్తే గాని తెలిసేది కాదు. దుర్గాపూజకు ముందు ఊరంతా సోఫా బట్టలు మార్పిస్తుంది కాబట్టి ఆ రెండు నెలలూ ఆయన ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టుకునేవాడు. ఆ ఏడు నేనూ, హౌరా వైపు నుంచి వచ్చే ఇంకో అమ్మాయీ చేరాం. ఆ అమ్మాయి కుట్టు చీమల బారులా ఉండేది. నా కుట్టు, ఆ బారు మీద ఎవరో నీళ్ళు పోసినట్టుండేది. పూజలయ్యాక ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటానని దాదా చేరిన రోజే చెప్పాడు. అంతకుముందు నేను నాలుగిళ్ళలో అంట్లు తోమేదాన్ని. నాలుగిళ్ళ గుమ్మాలూ, నాలుగిళ్ళ వెనక కుళాయిలూ, నాలుగిళ్ళ అమ్మగార్ల గొంతులూ నాకు ఇప్పటికీ గుర్తే. కుట్టుమిషను ముందు కుర్చీలో కూర్చుని పని చేసిన వారం రోజులకే, మళ్ళీ ఆ కుళాయిల దగ్గర చతికిలబడే ఓపిక నాలో చచ్చిపోయింది. ఆ ఒక్కరు నేనే కావాలి. రోజంతా నా మనసులో ఇదే తిరిగేది.

ఒక మధ్యాహ్నం కళ్ళద్దాలు పెట్టుకున్న కుర్రాడొకడు దుకాణంలోకి వచ్చి, దాదాతో బెంగాలీలో కుస్తీ మొదలుపెట్టాడు. దాదా కాసేపు విని, ఏ ఊరని అడిగి, హైదరాబాద్ అనగానే నా వైపు వేలు చూపించాడు. "నీ దేశపువాడే. ఏం కావాలో కనుక్కో."

ఆ కుర్రాడి ముఖం వెలిగిపోయింది. "చెల్లె, నువ్వు తెలుగా? పాణం లేచొచ్చింది. నాకు కత్తులు గావాలె. ఇరవై."

దిండ్ల దుకాణంలో కత్తులేమిటో నాకు బోధపడలేదు. తలూపాను.

"నిజం కత్తులు గాదు, ఫోమ్‌వి. మేము న్యూ టౌన్‌ల సాఫ్ట్‌వేర్ పని జేస్తం. ఆదివారం ఆదివారం రెండు జట్లయి కొట్టుకుంటం."

"ఏటి దాదా, ఆఫీసులో గొడవలా?" అన్నాను. (కలకత్తాలో పుట్టినవాళ్ళం, తెలుగులో మాట్లాడుతున్నా ఎదుటివాడు దాదాయే.)

"గొడవేం లేదు చెల్లె. దోస్తులమే. ఉత్తగనే కొట్టుకుంటం. పైన మెత్త, గుడ్డ మీరు మంచిగ కుడుతరు, అది నాకెర్కనే. అసలు సంగతి లోపలి కర్ర. అది గట్టిగుండాలె గానీ తాకితే నొయ్యొద్దు. తేలికుండాలె గానీ ఊగొద్దు. వంగాలె గానీ వంగి అట్లనే ఉండిపోవద్దు. ఒకవేళ ఇరిగినా పుల్లలు లేచి కుచ్చుకోవద్దు."

మళ్ళీ తలూపాను. ఇన్ని గుణాలున్న మొగుడి కోసం మా చిన్నత్త ఆరేళ్ళు వెతికింది. (దొరకలేదు. చివరికి వంగి అలాగే ఉండిపోయేవాణ్ణి చేసుకుంది, సుఖంగానే ఉన్నారు.) కుర్రాడు వెళ్ళిపోయాక దాదా నస్యం డబ్బా మూత పెడుతూ, "తలూపింది నువ్వు. చెయ్యాల్సిందీ నువ్వే. ఈ పని మాట రాకుండా బయటపడితే, పూజల తర్వాత ఎవరిని ఉంచాలో అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆయన నోట ఒకేసారి అన్ని మాటలు రావడం నేనెప్పుడూ వినలేదు.

మెత్త చుట్టడం, గుడ్డ తొడగడం నాకు వచ్చిన పనే. కోల్‌బాలిష్‌ని సన్నగా చేస్తే కత్తి అవుతుంది, అంతే కదా అనుకున్నాను. లోపలికి దోమతెర కట్టే ఇనప ఊస ఒకటి దూర్చి, మర్నాడు సాయంత్రం ఆ కుర్రాడు రాగానే చేతిలో పెట్టాను. అతను దాన్ని చూసి, నాకు తిరిగి ఇచ్చి, వెనక్కి తిరిగి నిలబడి, "కొట్టు చెల్లె" అన్నాడు. దుకాణానికి వచ్చిన గిరాకీని కొట్టడం మా ఇంటావంటా లేదు. దాదా వైపు చూశాను. ఆయన "హూఁ" అన్నాడు. కొట్టాను. ఆ కుర్రాడు కళ్ళద్దాలు సర్దుకుంటూ కాసేపు గోడ పట్టుకుని నిలబడి, "ఇది వద్దు" అన్నాడు. ఆ మరుసటి రోజు ప్లాస్టిక్ నీళ్ళ గొట్టం పెట్టాను. అది మూడో దెబ్బకు గొడుగు పిడిలా వంకర తిరిగి అలాగే ఉండిపోయింది. ఇంకొంచెం గట్టి గొట్టం పెడితే ఫెళ్ళుమని పగిలి, అంచు కొడవలిలా బయటికి వచ్చింది. పూజ పందిళ్ళు కట్టేవాళ్ళని బతిమాలి ఒక సన్న వెదురు తెచ్చాను. దాంతో కొట్టకముందే, ఎత్తి పట్టుకున్నందుకే అతని చెయ్యి పడిపోయింది. కుర్చీలల్లే అతని దగ్గర పేము బెత్తం అడిగి తెచ్చాను. అది దూడ తోకలా ఊగింది. కొడితే ఒకసారి తగిలి, ఊగి వచ్చి రెండోసారి కూడా తగిలింది. నాలుగు సాయంత్రాలు నేను ఆ కుర్రాణ్ణి వీధిలో నిలబెట్టి వీపు మీద కొడుతుంటే, ఎదురు మందుల దుకాణంవాళ్ళు మాకేదో పాత పగ ఉందనుకుని, ఐదో రోజు కుర్చీలు బయటికి వేసుకుని కూర్చున్నారు.

నాకు బుర్ర తిరిగిపోయింది. బరువుగా ఉంటే నొప్పి, తేలికగా ఉంటే ఊగుడు, గట్టిగా ఉంటే పగులుడు, మెత్తగా ఉంటే వంకర. ఇంట్లో ఏది కనబడినా చేత్తో పట్టుకుని గాల్లో ఊపి, మోకాలి మీద కొట్టుకుని చూసుకునేదాన్ని. చీపురు కర్ర, గొడుగు, అప్పడాల కర్ర, అమ్మ గరిటె. అమ్మ ఆ గరిటె కోసం వంటింటి నుంచి అరుస్తూంటే, నాన్న పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటమ్మీ, గొడుగుతో గోడని కొడతన్నావు?"

నాన్న గురించి ఇక్కడ చెప్పాలి. నాన్నది మునిసిపాలిటీలో మురుగు కాలువల పని. రోడ్డు కింద గొట్టం పూడుకుపోతే, పొడుగాటి వెదురు బద్దల్ని ఒకదాని చివర ఒకటి కట్టి, మూత తీసిన రంధ్రంలోంచి లోపలికి తోసి, అవతలి మూత దాకా నడిపించి ఆ పూడిక విడగొట్టాలి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేసిందీ ఇదే. దుకాణంలో ఎవరైనా అడిగితే నేను "మునిసిపాలిటీలో పని" అని అక్కడితో ఆపేసేదాన్ని. ఫ్యాను కింద బల్ల ముందు కూర్చునే పనిలా వినబడేట్టు ఆ మాటను కొంచెం సాగదీసి అనేదాన్ని కూడా. సరే, ఆ సాయంత్రం నాన్నకు కత్తుల సంగతంతా చెప్పాను.

"తగిలితే నొప్పెట్టకూడదా? మరి కొట్టుకోడం దేనికి?"

"అది ఆట నాన్నా."

"ఆటా." టీ అయిపోయేదాకా ఆలోచించాడు. "గట్టిది, తేలికది. వంగి మళ్ళీ తిన్నగా ఒచ్చీది. ఇరిగినా పుల్లలెగకూడదు. అంతేనా?"

"అంతే."

"మరి ఇన్నాళ్ళు ఎక్కడెతుకుతున్నావేటి," అని గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున నాన్న సైకిలు వెనక ఒక బద్దల కట్ట వచ్చింది. నల్లగా, తడితడిగా ఉంది. దానితో పాటు వాసనా వచ్చింది. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, నాన్న పని బట్టలు ఉతికే రోజు మా పెరడంతా ఉండేదే. ఇవి కాలువలో తోసిన బద్దలు. ఇవి ఆ కళ్ళద్దాల దాదా కత్తిలోకి, ఆ చల్లని గదుల ఆఫీసు పిల్లల చేతుల్లోకి వెళ్తాయి. నాన్న మాత్రం ఏమీ జరగనట్టు అరుగు మీద కూర్చుని రెండు బద్దలు తీసి చూపించడం మొదలుపెట్టాడు.

"ఒంటి బద్ద పాములా ఆడుద్ది. అందుకని రెండు తీసుకో. తోలు పక్క బయటికి ఉంచి, ఈపూ ఈపూ ఆనించి దారంతో బిగించీ. ఒకటి వంగుతానంటే రెండోది ఒప్పుకోదు. మీ అమ్మా నానూ లాగ."

"నన్ను కలపకు," అంది అమ్మ లోపల్నుంచి.

"కట్టీ ముందర ఒక్కోటీ వంచి చెవి కాడ ఎట్టుకో. చిటుక్కుమంటే వొగ్గీ. ఊసెత్తకపోతే అది మంచి బద్ద."

నేను తలూపాను. ఇవి వాడినవా, కొత్తవా అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అడగలేదు. అడిగితే అవునంటాడని భయం. అవునన్నాక వాటిని వాడలేను, వాడకపోతే నాకు వేరే దారి లేదు. అడగకుండా ఉంటే రెండు విధాలా బాగుంటుందని నా లెక్క.

మర్నాడు నాన్న పనికి వెళ్ళగానే బద్దలన్నీ కుళాయి కింద వేసి తోమాను. అంట్లు తోమిన చెయ్యి కదా, ఆ విద్య అక్కడ పనికొచ్చింది. సబ్బుతో ఒకసారి, ఫినాయిలుతో ఒకసారి, వేపాకు మరగబెట్టిన నీళ్ళతో ఒకసారి. అయినా వాసన ఉన్నట్టే అనిపించింది. ఇంట్లో ఉన్న పసుపంతా కలిపి చివరి నుంచి చివరి దాకా పట్టించాను. డాబా మీద ఎండలో పరిచి, గంటగంటకూ తిప్పి, పొద్దు వాలే ముందు సాంబ్రాణి పొగ కూడా వేశాను. అమ్మ మెట్ల మీద నిలబడి చూసి, "ఏటే, బద్దలకి పెళ్ళి సేస్తన్నావా?" అంది. అంతలో అమ్మ వెనకాలే నాన్న వచ్చాడు. ఆ రోజు పని తొందరగా అయిపోయిందట. పిట్టగోడ పొడుగునా పసుపు బద్దలు వరసగా ఆరుతున్నాయి, మధ్యలో నేను పొగ గిన్నె పట్టుకుని ఉన్నాను. నాన్న వాటిని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. కిందికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

నమూనా కత్తి మాత్రం ఏమని చెప్పను. రెండు బద్దలు కట్టి, కొనకు బద్ద పొడుచుకు రాకుండా అరిగిన హవాయి చెప్పు నుంచి కోసిన రబ్బరు బిళ్ళ అంటించి, చుట్టూ మెత్త వేసి, గుడ్డ తొడిగాను. కళ్ళద్దాల దాదా వెనక్కి తిరిగాడు. కొట్టాను. "మళ్ళ" అన్నాడు. కొట్టాను. "గట్టిగ" అన్నాడు. మందుల దుకాణంవాళ్ళు లేచి నిలబడేట్టు కొట్టాను. అతను నవ్వుతూ ఇటు తిరిగి కత్తి అందుకుని గాల్లో తిప్పాడు. ఊగలేదు, వంకర పోలేదు.

"చెల్లె, మస్తుంది. గిదేం కర్ర?"

దాదా కూడా నస్యం ఆపి నా వైపు చూస్తున్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. "అస్సాం వెదురు," అన్నాను.

"అట్లనా." కత్తిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గుడికి పోయొచ్చినట్టు వాసనొస్తున్నది."

"అస్సాంలో అంతే."

"హూఁ," అన్నాడు నస్యం దాదా. అది నమ్మిన హూఁయో, నమ్మని హూఁయో తేల్చుకోలేక ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఇరవై కత్తులూ పూర్తయ్యాయి. పై గుడ్డలు ఆ రెండో అమ్మాయి కుట్టింది, చీమల బారులు చీమల బారులుగా. లోపలి పని నాది, అది ఎవరికీ కనబడదు. అప్పజెప్పే రోజు ఆదివారం. న్యూ టౌన్ దాకా ఆడపిల్లను ఒక్కదాన్నీ పంపడం ఇష్టం లేక, సెలవు కదా అని నాన్న బయల్దేరాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. (ఉన్న కారణం నోటితో చెప్పేది కాదు.) చొక్కా ఇస్త్రీ చేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ఇరవై కత్తుల కట్ట భుజాన పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు కట్టను ఒకసారి నొక్కి చూసి, "ఎటా కీ?" అన్నాడు. ఏమిటిది అని. నాన్న ఉన్న మాట చెప్పాడు, కత్తులని. చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు జరిగారు. ఒక పెద్దావిడ ధైర్యం చేసి తనూ నొక్కి చూసి, కత్తులూ లేవు గిత్తులూ లేవు, కోల్‌బాలిషే, పాపం కొత్త కాపురం కాబోలు అని తీర్పు చెప్పింది. దిగేదాకా ఆ కట్ట ఏమిటన్న దాని మీద బస్సులో ఏకాభిప్రాయం కుదరలేదు.

పెద్ద పెద్ద మేడల మధ్య ఖాళీ స్థలం అది. కుర్రాళ్ళూ, అమ్మాయిలూ ఇరవై మంది దాకా ఉన్నారు. మంచి బూట్లు, మంచి వాచీలు. కత్తులు పంచుకుని అరుచుకుంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. చేతి మీద దెబ్బ తగిలితే ఆ చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలట. కాలికి తగిలితే మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాలట. కాసేపటికి సగం మంది ఇంజనీర్లు ఒంటి చేత్తో మోకాళ్ళ మీద దేకుతున్నారు.

"ఈళ్ళకి నెలనెలా జీతాలిస్తారా?" అన్నాడు నాన్న మెల్లిగా.

"ఇస్తారు నాన్నా."

"ఇదే పనికా?"

"కాదు. ఇది సెలవు రోజు."

నాన్న తలూపాడు గాని అర్థమైనట్టు లేదు. నాకూ కాలేదు. కానీ కత్తులు మాత్రం చక్కగా ఆడుతున్నాయి. గంట గడిచినా ఒక్కటీ విరగలేదు, ఒక్కరూ మూలగలేదు. నా కుర్చీ, నా మిషను నాకు కళ్ళ ముందు కనబడటం మొదలుపెట్టాయి. అప్పుడే వాళ్ళు నీళ్ళు తాగడానికి ఆగారు. చూస్తే అందరి అరచేతులూ పచ్చగా ఉన్నాయి. చెమటకు పిడి గుడ్డ తడిసి లోపలి పసుపు దిగింది. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు చూసుకుని, ఎవరి పెళ్ళిరా అని నవ్వుకుంటున్నారు. కళ్ళద్దాల దాదా ఆ పసుపు చెయ్యి చాచుకుంటూ మా దగ్గరికే వచ్చాడు.

"అంకుల్, మీ బిడ్డ పని చాలా బాగ జేసింది. కత్తులు సూపరున్నయ్. ఈ అస్సాం వెదురు యాడ దొరుకుతది?"

"అస్సామేటి బాబూ," అన్నాడు నాన్న. "ఇది మా కాలవ బద్ద. మురుగు గొట్టాల్లో తోస్తాం సూడు, ఆ బద్ద."

నవ్వులు ఆగిపోయాయి. ఒక అమ్మాయి తన అరచెయ్యి వాసన చూసుకుంది. ఇంకొకడు నీళ్ళ సీసా కింద పెట్టేసి చేతులు గడ్డికి రాయడం మొదలుపెట్టాడు. నేను నా కాలి బొటనవేలినే చూస్తున్నాను. మిషను పోయింది, కుర్చీ పోయింది, నాలుగిళ్ళ వెనక కుళాయిలు వరసగా నిలబడి నన్ను రమ్మంటున్నాయి.

"వాడినవా అంకుల్?" అన్నాడు కళ్ళద్దాల దాదా, గొంతు తగ్గించి.

"వాడినవా?" నాన్నకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "వాడిన బద్ద దీనికి పనికిరాదు బాబూ. రోజూ గొట్టంలో ఒంగీ ఒంగీ దానికి తిన్నగా నిలబడీ గుణం పోద్ది. ఇవి కొత్తవి. కాలవ గట్టు మీద వెదురు దుకాణంలో నానే ఏరినాను. మూడేళ్ళ ముదురు ఎదురు. చీరి, కణుపులు సెక్కి, పురుగట్టకుండా మూడ్రోజులు తొట్టెలో నానేసినాను. నానితే ఎదురు కంపు కొడతాది. మా పిల్ల కడిగి ఆరబెట్టింది."

"మరి పసుపెందుకు?"

నాన్న నా వైపు తిరిగాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను, ఎందుకంటే నేను తల ఎత్తలేదు. తర్వాత ఆ కుర్రాడితో, "పురుక్కే. పసుపూ మంచిదే" అన్నాడు.

అంతే. అక్కడితో ఆ మాట అయిపోయింది. ఎవరో బద్దను చెవి దగ్గర పెట్టి వినడం ఎలాగో చూపించమన్నారు. నాన్న ఒక కత్తి తీసుకుని వంచి చూపించాడు. ఇంకో క్షణంలో ఇరవై మంది ఇంజనీర్లు ఇరవై కత్తులు వంచి చెవుల దగ్గర పెట్టుకుని, పచ్చని చేతులతో, కళ్ళు మూసుకుని వింటున్నారు. మధ్యలో మా నాన్న చేతులు వెనక కట్టుకుని, బడి పంతులులా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "ఊసెత్తిందా? లేదు కదా? మంచిది" అంటున్నాడు. నాన్నను అలా చూడటం నాకు అదే మొదటిసారి. కళ్ళద్దాల దాదా మాత్రం నా పక్కనే నిలబడి ఫోను తీస్తూ, "చెల్లె, నేను మావోళ్ళందరికి అస్సాం అని రాసిన గదా. గిదంతా మీ దాదాకు ఫోన్ జేసి చెప్పాలె" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గిదంతా అంటే ఎంతవరకో నేను అడగలేదు.

తిరుగు బస్సులో నాన్న పక్కన కూర్చుని, అడగాల్సిన మాట నాలుగుసార్లు నాలుక చివర దాకా తెచ్చుకున్నాను. డాబా మీద ఆ రోజు ఏమనుకున్నావు నాన్నా, అని. ఐదోసారి నోరు తెరవబోతుంటే ఆయనే అన్నాడు, "ఆ నీలం చొక్కా కుర్రోడు సూడు, మోకాలికి దెబ్బ తగిలింది, నాను సూసినాను. తగల్లేదన్నాడు. దొంగ." మేము దిగేదాకా ఆ నీలం చొక్కావాడి గురించే మాట్లాడుకున్నాం. పసుపు ఎందుకు పూశానో నాన్నకు నిజంగా తెలియలేదా, తెలిసీ నాకోసం పురుగు మీదికి నెట్టేశాడా? ఈ ప్రశ్న అప్పుడప్పుడు తీసి చూసుకుంటూ ఉంటాను. తేలలేదు.

సోమవారం దుకాణంలోకి అడుగు పెట్టగానే దాదా, "న్యూ టౌన్ నుంచి ఫోన్ వచ్చింది" అన్నాడు.

"ఏమన్నారు దాదా?"

"సగం బెంగాలీ, సగం మీ భాష. మురుగు కాలువ అన్నాడు, అస్సాం అన్నాడు, మీ నాన్న అన్నాడు. నవ్వాడు. నాకేం అర్థం కాలేదు. హూఁ."

అంతకు మించి ఏమీ లేదు. పూజలకు ముందు చివరి సాయంత్రం మా ఇద్దరినీ నిలబెట్టి, తర్వాత చూద్దాం అన్నాడు. పూజలు వచ్చాయి, వెళ్ళాయి. లక్ష్మీపూజ తర్వాత దుకాణం తెరుస్తారని తెలుసు గాని, రమ్మని కబురు లేదు, వద్దనీ లేదు. ఏం చెయ్యాలో తోచక, పొద్దున్నే తయారై వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. దాదా తల ఎత్తి చూశాడు. "హూఁ" అని, కాళ్ళ దగ్గరున్న కుర్చీ మెత్తల గుట్టను నా వైపు తోశాడు. కూర్చుని కుట్టాను. మధ్యాహ్నం అడుగుదామనుకున్నాను, ఆయన కునుకు తీస్తున్నాడు. సాయంత్రం అడుగుదామనుకున్నాను, గిరాకీ వచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అలా పదకొండేళ్ళు వెళ్ళాను. ఈలోగా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నా కుట్టు కూడా కొంచెం దారిలో పడింది. ఉంచారో లేదో మాత్రం తెలియలేదు.

దాదాకు మోకాళ్ళు పట్టేసి దుకాణం అల్లుడికి అప్పజెప్పిన రోజు, ఇంక ఇప్పుడు కాకపోతే ఎప్పుడని ధైర్యం చేశాను. "దాదా, ఆ ఏడు పూజల తర్వాత నన్ను ఉంచుకున్నారు కదా. ఆ కత్తుల పని నచ్చేనా?"

నస్యం పట్టిన వేళ్ళు ముక్కు దగ్గరే ఆగిపోయాయి. "నిన్ను ఉంచుకోవడమేమిటి? నేను ఆ రెండో అమ్మాయిని ఉంచుదామనుకున్నాను. కుట్టు బాగుండేది. పిలుస్తారని ఇంట్లో కూర్చుందో ఏమో, తను రాలేదు. నువ్వు వచ్చావు."

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తేలక రెండు బస్సులు వదిలేశాను. ఆ వేపాకు నీళ్ళూ, సాంబ్రాణీ, అస్సామూ, అన్నం సయించని ఆ వారమూ, వీటిలో దేనికీ దేనితోనూ సంబంధం లేదట. ఆ చీమల బారు అమ్మాయి ఇప్పుడు ఎక్కడ కుడుతోందో అనుకుంటే గుండెలో ఏదో గుచ్చుకుంది కూడా. నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళాను. అప్పటికే పింఛను మనిషి, వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. అంతా చెప్పాను.

"పదకొండేళ్ళు నీకు తెలీనేలేదా?" అన్నాడు.

"అడగలేదు నాన్నా."

"మంచి పని సేసినావు. అడిగుంటే సెప్పీసీవోడు."

ఇప్పుడు ఆ పందొమ్మిదేళ్ళ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. తన బతుకు దేని మీద ఆనుకుని నిలబడిందో తనకు బొత్తిగా తెలియదు. తెలియకుండానే పొద్దున్నే తల దువ్వుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, ఆలస్యమైపోతోందని పరిగెత్తి బస్సెక్కేసేది.